పెట్రా అత్త కాఫీ బల్ల దగ్గర

పెట్రా అత్తకు డెబ్బై నిండిన ఆదివారం ఆ కాఫీ బల్ల చూడాల్సిందే. జర్మనీ పొరుగున ఉన్న మా దక్షిణ జట్లాండ్ పల్లెల్లో కాఫీకి పిలిచారంటే కాఫీ ఒక్కటే పోస్తారనుకునేరు. ముందు వెన్న రాసిన బన్ను, తర్వాత ఏడు రకాల మెత్తటి కేకులు, ఆపైన ఏడు రకాల కరకరలాడేవి. అన్నింట్లోనూ ఒక్కో ముక్కైనా తినాలి. వద్దన్నామా, పెట్టినావిడను నలుగురిలో చిన్నబుచ్చినట్టే.

అత్త మేనకోడలు గుడ్రున్‌కు ఆ బల్ల పేరెత్తితేనే గుండెల్లో దడ. అంతకు ముందు సంవత్సరం వేసవిలో, సముద్రం ఒడ్డున సెలవులు గడిపి వస్తానని చెప్పి, సరిహద్దు దాటి జర్మనీ వెళ్లి పొట్ట చిన్నది చేయించుకుంది. పిడికెడు మాత్రం ఉంచి, పేగును దారి మళ్లించి కుట్టారు. తీపి ఎక్కువైతే ఒళ్లు తట్టుకోదని డాక్టరు మరీ మరీ చెప్పి పంపాడు. ఈ సంగతి ఊళ్లో ఎవరికీ తెలియదు. తోడబుట్టిన ఆస్టాకు కూడా.

అబద్ధమాడాలని ఆడింది కాదు పాపం. ఒళ్లు తగ్గడం మొదలయ్యాక ఒకనాడు చర్చి వాకిట్లో పెట్రా అత్త గుడ్రున్ నడుం పట్టుకుని, "ఏం చేశావే పిల్లా?" అనడిగింది. ఆపరేషన్ అంటే, ఒళ్లు వంచలేక కోయించుకుందని ఊరు నవ్వుతుంది. "నడుస్తున్నానత్తా. రొట్టెకు వెన్న మానేశాను" అనేసింది. ఇక చూడండి, మాంసం కొట్టు మనిషి దగ్గర్నుంచి పాస్టరు గారి దాకా అందరూ మెచ్చుకునేవాళ్లే. అంతకాలం బస్సులో పక్క సీటు ఖాళీగా ఉన్నా ఎవరూ కూర్చోని మనిషికి ఆ మెప్పు ఎంత కమ్మగా ఉండి ఉంటుందో!

అక్క మాట నమ్మి చెల్లెలు నడిచింది. వానలో, ఎదురుగాలిలో, సముద్రపు కట్ట వెంబడి నడిచింది. వెన్న మానింది, చక్కెర మానింది. మోకాళ్లు వాచాయి కానీ ఒళ్లు మాత్రం తగ్గలేదు. "నీకున్న పట్టుదల నాకు లేదక్కా" అని కళ్లనీళ్లు పెట్టుకునేది. "నిదానంగా తగ్గుతుందిలే" అంటూ గుడ్రున్ కిటికీ వైపు తిరిగేది.

ఆ ఆదివారం అత్త గుడ్రున్‌ను తన పక్కనే కూర్చోబెట్టుకుంది. ఇదివరకైతే బల్ల చివర చేరి సగం ముక్కలు రుమాల్లో చుట్టి దాచేసేది. ఇప్పుడు ఆ వీలు లేదు. రై ధాన్యపు రొట్టెపొడితో చేసిన కేకు, మీద చేతి మందాన మీగడతో, పళ్లెంలో పడింది. దాని వెనకే ఇంకోటి, ఆ వెనక మరోటి. ఎదురుగా ఆస్టా పళ్లెంలో వెన్న లేని బన్ను ఒక్కటే.

"చూడవే ఆస్టా, మీ అక్క ఎలా లాగించేస్తోందో! అయినా చువ్వలా ఉంది" అంది అత్త.

పక్కింటి లౌరిట్స్ కప్పు పైకెత్తి, "కాస్త జరగండి, బల్ల కూడా తినేసేట్టుంది" అన్నాడు.

"నువ్వేమో మా ముందు ఉపవాసం. ఇంటికెళ్లి అల్మరా చాటున ఏం మింగుతావో ఏమో!" అంది అత్త ఆస్టాతో.

"లేదత్తా. నిజంగా తినడం లేదు."

"ఊరుకోవే. గాలి తిని ఎవరైనా లావవుతారా?"

అందరూ నవ్వారు. ఆస్టా కూడా నవ్వింది. నవ్వుతూనే స్వెట్టర్ అంచులు పొట్ట మీదికి లాక్కుంది. చెవులు ఎర్రగా కందిపోయాయి. "నువ్వు చెప్పక్కా. నేను ఎంత నడుస్తున్నానో నీకు తెలుసుగా" అంది.

గుడ్రున్ నోటి నిండా మీగడ. ఒక్క మాటంటే చాలు. అనలేదు. మింగి, ఇంకో చెంచా తీసుకుని, "కేకు భలే కుదిరిందత్తా" అంది.

కాసేపటికే గుండె దడదడలాడింది. వీపంతా చల్లటి చెమట, కడుపులో మెలి. బల్ల అంచు పట్టుకుని లేచి, స్నానాలగది దాకా వెళ్లి అక్కడే కూలబడింది. అందరికన్నా ముందు పరుగెత్తింది ఆ వాచిన మోకాళ్ల ఆస్టానే. తలుపు మూసి, తువ్వాలు తడిపి అక్క నుదురు తుడిచింది.

"రోజూ కడుపు మాడ్చుకుంటే ఇలా కాక ఎలా ఉంటుందక్కా? వాళ్ల మాటలు పట్టించుకోకు. తినలేకపోతే తినకు."

ఆ చల్లటి చెయ్యి కింద గుడ్రున్‌కు భూమిలో కూరుకుపోవాలనిపించింది.

"నేను నడవలేదే ఆస్టా. పొట్ట కోయించుకున్నాను. జర్మనీలో."

తువ్వాలు పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది. ఆస్టా తువ్వాలు పిండి, కొక్కేనికి తగిలించి, బయటికి వెళ్లిపోయింది.

గోడ పట్టుకుని గుడ్రున్ కూడా వచ్చింది. అత్త అప్పుడే కాఫీ మళ్లీ పోస్తోంది.

"అత్తా, ఆస్టా చాటుగా తినడం లేదు. నడిచింది తనే. నాది ఆపరేషన్. ఇన్నాళ్లూ మీ అందరికీ, దానికీ అబద్ధం చెప్పాను."

లౌరిట్స్ తన కప్పులోకి చూస్తూ ఉండిపోయాడు. అత్త కెటిల్ దించి, "మరి ఇవన్నీ ఎందుకు తిన్నావే పిచ్చిదానా?" అంది.

"వద్దంటే తెలిసిపోతుందని."

అత్త ఆస్టా వైపు తిరిగి ఏదో అనబోయింది. ఆస్టా అప్పటికే కోటు తొడుక్కుంటోంది.

అక్కాచెల్లెళ్లు బస్టాపు దారి పట్టారు. తిట్టేదేదో తిట్టేస్తే బాగుండునని ఎదురుచూస్తూ నడిచింది గుడ్రున్. దారి మధ్యలో ఆస్టా ఆగింది.

"కోయించుకున్నాక నొప్పి పుట్టిందా?"

"పుట్టింది."

"పక్కన ఎవరున్నారు?"

"ఎవరూ లేరు."

"నేను వచ్చి కూర్చునేదాన్ని కదక్కా."

ఆస్టా కుంటుకుంటూ ముందుకు సాగింది. పక్కకు చేరే ధైర్యం చాలక, గుడ్రున్ తలొంచుకుని వెనకే నడిచింది.