మూతబండ

1957. వేసవి చివర. గడివేముల దగ్గరి ఒక పల్లెలో ఓబులేసు తన మెట్టచేను చదును చేయిస్తున్నాడు. చేను మధ్యలో ఒక రాకాసి గుడి ఉంది. నాలుగు బండలు నిలబెట్టి, పైన ఇంకో పెద్ద బండ మూసిన పాతకాలపు సమాధి అది. ఆ బండలు పశువుల కొట్టానికి పనికొస్తాయని ఆయన ఆశ. బండపని చేసే జకరయ్య తన వాడవాళ్లు పన్నెండు మందితో గడ్డపారలు వేసి, పొద్దుగూకే వేళకు మూతబండను పక్కకు జరిపాడు.

లోపల ఎర్రటి కుండలు, తుప్పుపట్టిన కొడవలి, మనుషుల ఎముకలు. ఓబులేసు గభాలున చెప్పులు విడిచాడు.

"మా పెద్దోళ్లురా! ఎంత పాపం జేస్తి! రేపు పొద్దున్నే మూసేయండి. ఈడ ఇంక మడక కట్టి దున్నేది ల్యా" అని చేతులు జోడించాడు.

ముత్తాత పేరడిగితే తడుముకునే మనిషికి వేల ఏళ్లనాటి ఎముకల్లో చుట్టరికం కనిపించింది. నవ్వకండి, ఆ భక్తి నిజమైనదే.

ఆ రాత్రి ఎగువన పెద్దవాన కురిసింది. తెల్లవారేసరికి జకరయ్య తల్లి ఆదెమ్మ కన్నుమూసింది. నలభై ఏళ్లు ఓబులేసు చేలల్లో కలుపు తీసిన మనిషి ఆమె. వాడవాళ్ల సమాధుల దిన్నెకు మెట్టచేని గట్టు మీదుగా పోతే రెండు ఫర్లాంగులే. కానీ వాళ్ల శవాలను ఆ గట్టు మీదుగా మోయకూడదు. వంక దాటి, చుట్టూ తిరిగి మూడు మైళ్లు మోయాలి. అది ఊరి కట్టుబాటు. ఇప్పుడు వంక నిండుగా పారుతోంది. మధ్యాహ్నమైనా శవం వాకిట్లోనే ఉంది.

అప్పుడు ఓబులేసు వచ్చాడు.

"జకరయ్యా, మబ్బు కమ్ముతాండాది. పెద్దోళ్ల మీద వాన పడతాది. బేగా రాండి, బండ మూద్దాం."

జకరయ్య తల్లి పక్కనుంచి లేవలేదు. "మీ పెద్దోళ్లకు మూత గావాల సామీ. మాయమ్మకు దావ గావాల. యాడ మోసకపోవాల మేము?"

"గట్టు మీదనా? పెద్దోళ్లుండే తావులో మీ పీనుగా?"

ప్రార్థన చేయడానికి వచ్చిన బడిపంతులు జీవరత్నం అడ్డుపడ్డాడు. "ఓబులేసన్నా, ఆ ఎముకలు మీవాళ్లవో మావాళ్లవో నీకూ తెల్దు, నాకూ తెల్దు. కులం ఎముకల మీద రాసుండదు. తెలిసిన మనిషి ఈడ పండుకోనుండాది. ఒకసారి ఆ మొగం సూడు."

ఓబులేసు చూశాడు. చిన్నప్పుడు తనను చెరుకుగడ ఇచ్చి బుజ్జగించిన మొహం. ఆయనకు సిగ్గేసింది.

"ఎత్తండి. గట్టు మీదనే పోదాం" అన్నాడు. ముందు నడిచి, గట్టుకు అడ్డం వేసిన ముళ్లకంప తన చేత్తోనే లాగేశాడు. ఆదెమ్మను మట్టిలో పెట్టాక, ఆ పన్నెండు మందే వచ్చి, చినుకులు పడుతుండగా మూతబండను యథాస్థానానికి చేర్చారు.

మర్నాడు ఊరి పెద్దలు కట్టుబాటు తప్పావని నిలదీశారు. ఓబులేసు తల వంచలేదు.

"ఎవురో తెలియనోళ్లకు చెప్పులిడిసి మొక్కితి. నా చేను బతికించిన మనిషికి గట్టు ఇయ్యనంటి. ఇంక ఆ గట్టు అందరిది. ముందు మన మధ్యనుండే మనుషులకు దావ ఇడుద్దాం, సచ్చిన పెద్దోళ్లకు ఆ తర్వాత మొక్కుదాం."