ఖాళీ గీత మీద పేరు

చిన్నసుబ్బమ్మ బొటనవేలికి సిరా పూసి, కాగితం మీద అద్దించుకుని, కాటమయ్య దాన్ని ఊది ఆరబెట్టాడు. కొత్త మంచానికి అర్జీ అని చెప్పాడు. కాగితంలో అడిగింది మంచం కాదు, చావు. ఆ సంగతి ఆ గదిలో ఇద్దరికే తెలుసు. ఒకడు కాటమయ్య. రెండోది, గడపకు ఆనుకుని, కుడికాలి ఇనుప కాలిపర్ పట్టీ సర్దుకుంటున్నట్టు తల వంచుకున్న మేరీ. ఆ అర్జీ రాసిందే ఆమె.

"ఇనుప మంచమేనా కాటమన్నా? ఈ నులకది వీపంతా గుచ్చుకుంటాంది," అంది సుబ్బమ్మ, వేలు కొంగుకు తుడుచుకుంటూ.

"ఇనుపదే మ్మా. శానా గట్టిది."

మేరీ పట్టీ విప్పి మళ్ళీ బిగించింది.

ఆమెకు పెళ్ళయి నలభై రోజులు. పోలియో కాలున్న పిల్లకు, ప్రొద్దుటూరులో బి.ఏ. చదివినా సరే, మొగుడు దొరకడని జమ్మలమడుగు చర్చి వీధి ముందే తీర్మానం చేసి పెట్టుకుంది. అయినా మిషన్ బడి అయ్యవారు మనోహర్ వచ్చి చేసుకున్నాడు. ఒకే కంచంలో ఎర్రకారం దోసె చెరిసగం తినేవాళ్ళు. ఆదివారం చర్చికి పోయే ముందు అతను ఆమె కాలిపర్ మరలకు కుట్టుమిషన్ నూనె వేసేవాడు. కిర్రుమనకుండా నడుస్తుంటే మేరీకి కొత్త పట్టుచీర కట్టుకున్నంత సంబరం.

కానీ సాయంత్రం అయిదయితే మనోహర్ సైకిలు ఇల్లు దాటిపోయి వెనక సందులో సుబ్బమ్మ ఇంటి ముందు ఆగేది. నడుము కింద చచ్చుబడిన మనిషి. పుండ్లు పడకుండా పక్క మార్చి పడుకోబెట్టాలంటే సుబ్బమ్మ వదినకు ఇంకో మనిషి తోడు కావాలి. నర్సుగా చేసిన మనోహర్ తల్లి ఉన్నన్నాళ్ళూ ఆ పని చేసింది, ఆమె పోయాక కొడుకు చేస్తున్నాడు. పక్క మార్చాక పేపరు చదివి వినిపించేవాడు. అప్పుడు గోడ అవతలనుంచి నవ్వు వచ్చేది. ఇద్దరి నవ్వు. తనతో ఒక్కనాడైనా అంత గట్టిగా నవ్వాడా అని మేరీ వంటింట్లో నిలబడి లెక్కలు వేసుకునేది. మంచం దిగలేని దాని మీద కుళ్ళేమిటని తనను తానే తిట్టుకునేది. తిట్టుకుంటే కుళ్ళు పోతుందా?

సుబ్బమ్మను మంచాన వేసింది బాంబు. ఏడేండ్ల కిందట గొర్రెలు తోలుకుపోతుంటే, జీపు మీద వెయ్యబోయింది ఆమె పక్కన పడింది. ఎవరి బాంబో ఇప్పటికీ తేలలేదు. ఆ ఊరికి ఇద్దరు పెద్దలు, రెండు వర్గాలు. తోటింటాయనదే అన్నాడు మిద్దింటాయన. మిద్దింటాయనదే అన్నాడు తోటింటాయన. ఇప్పుడిద్దరూ ఒకే పార్టీలో చేరారు, ఒకే రంగు కండువా వేసుకున్నారు. ఓట్లకు బయల్దేరితే ఊరూరా జీపుకు ఎదురుగా ఒక మంచమో, ఒక చంకకర్రో, ఒక మొండిచెయ్యో. వీళ్ళు కండ్లముందర ఉన్నంతకాలం జనం ఏదీ మరిచిపోరు. దాంతో ఇద్దరికీ ఒకేసారి జాలి పుట్టింది. డాక్టరు సాయంతో చచ్చే హక్కుకు చట్టం తేవాలని ఢిల్లీలో మాటలు నడుస్తున్నాయని పేపర్లో పడింది. ఆ చట్టం కావాలని వికలాంగులే అడిగినట్టు మన జిల్లానుంచి అర్జీలు పోవాలన్నారు.

మొదటి అర్జీకి ఆ పెద్దల మనిషి కాటమయ్య మేరీ దగ్గరికొచ్చాడు. పింఛనుకైనా, మూడు చక్రాల బండికైనా అర్జీ రాయించుకోవడానికి అందరూ వచ్చేది ఆమె వసారాకే.

"సచ్చిపోతే బాగుండునని సుబ్బమ్మే అంటాంటాది గదమ్మా," అన్నాడు.

అంటుంది. ఎండాకాలం కరెంటు పోయినప్పుడు ఊళ్ళో ఎవరనరు? అది మేరీకి తెలుసు. కానీ సరిగ్గా అప్పుడే గోడ అవతల నవ్వు వినబడింది. మేరీ కలం తీసుకుంది.

"నేను ఒకరి తోడు లేనిదే గడప దాటలేను. నలుగురు చుట్టూ ఉంటే గాని కదలలేను. నావల్ల ఇంటివాళ్ళకు నిద్ర లేదు. నా బతుకు ఊరికి భారం. చట్టప్రకారం నాకు విముక్తి కలిగించండి."

ముత్యాల్లాంటి అక్షరాలు.

పది రోజులకు కాటమయ్య మళ్ళీ వచ్చాడు, చంకలో అచ్చు కాగితాల కట్టతో. అవే మాటలు. పేరుండే చోట ఖాళీ గీత. "పెద్దాయనోళ్ళు శానా మెచ్చుకున్యారు. ప్రొద్దుటూరులో అర్జీల సభ పెడతాండారు, మొదటి అర్జీ నువ్వే చదవాలంట," అని, ఒక కాగితం తీసి ఆమె చేతిలో పెట్టాడు. "ఇది నీకు మ్మా. మీ ఆయన మంచోడు, చేసుకున్యాడు. ఎన్ని దినాలని మోస్తాడు? ఆలోచన చెయ్యి."

ఎగతాళిగా అనలేదు. జాలిగా అన్నాడు. తన మాటలన్నీ తన కాలు మీదికే తిరిగొచ్చాయి. మేరీ ఆ కాగితం మడిచి కొంగులో దోపుకుంది.

అయిదు కాకముందే సుబ్బమ్మ దగ్గరికి పోయి అంతా చెప్పింది.

సుబ్బమ్మ చేతికందిన నీళ్ళ చెంబు విసిరింది. అది మేరీ భుజానికి తగిలి దొర్లింది.

"నీ మొగుడు నాకెందుకే? సినిమా కబుర్లు గుడా ప్రార్థన మాదిరి చదువుతాడు. ఆ చదువుకే నేను నవ్వేది." ఊపిరి తీసుకుంది. "నేను కుళ్ళుకోలేదనుకుంటివా? మీ పెండ్లి బ్యాండు ఈ గోడ పక్కనే పాయ. నీ కాలి ఇనుము చప్పుడు విన్యప్పుడంతా, కుంటిదైనా నడుస్తాందే అని ఏడ్చినా. అట్లని నిన్ను సంపమని రాయించలేదే. కుళ్ళుకునేదానికి గుడా బతికుండాల గదే."

మేరీ ఏడుస్తూ మంచం పట్టెమీద కూర్చుంది.

"ఏడ్చింది సాల్లే. చదువు, ఏం రాస్తివో."

మేరీ చదివింది. సగంలోనే సుబ్బమ్మ పకపకా నవ్వింది. "నలుగురు లేనిదే కదలలేనా? ఇది నేను కాదే. మిద్దింటాయన. తుపాకులోళ్ళు తోడు లేనిదే ఆయప్ప గడప దాటింది యాడ జూసినావు?"

మేరీ ఏడుపు ఆగింది.

ఆ ఆదివారం పులివెందులలో రహీం బండ్ల షాపు ముందర వికలాంగులు కూడారు. రహీం తోటింటాయనకు బాంబులు చుడుతూ ఎడమచెయ్యి పోగొట్టుకున్నవాడు, ఇప్పుడు ఒంటిచేత్తో మూడు చక్రాల బండ్లు బాగుచేస్తాడు. సుబ్బమ్మను మంచంతో సహా అరటిగెలల లారీ మీద తెచ్చారు. ఒకప్పుడు ఎదురెదురుగా బాంబులేసుకున్న వర్గాలవాళ్ళు ఒకే బెంచీ మీద కూర్చున్నారు.

"ఒక మాట చెప్తా, కోప్పడాకండి," అన్నాడు రహీం. "నొప్పి అనుభవించేటోనికి తెలుస్తాది. సచ్చే దారి ఒకటుంటే తప్పేంది? ఎవనిష్టం వానిది."

"ఇష్టమా? ఆ మాట నన్ను ఎవురడిగిరి రహీమన్నా?" అంది సుబ్బమ్మ. "మంచమడిగితే సావు రాయించిరి. రేషన్ ఆఫీసుకు ఎన్ని మెట్లు?"

"ఏడు."

"ఎన్నేండ్లనించి అడుగుతాండాము, వాలుగా దారి కట్టమని? అది కట్టరు. సచ్చేదానికి మాత్రం మెట్టు లేకుండా దారి, కాగితం ఇంటికే తెచ్చిస్తాండారు. ముందు బతికే దారి కట్టమను. ఆమీట ఇష్టం సంగతి మాట్లాడుదాం."

రహీం జేబులోంచి, కాటమయ్య ఇచ్చిన అచ్చు కాగితం తీశాడు. మేరీకి అందించాడు. "గీత మీద తోటింటాయన పేరు రాయి. నాకు చెయ్యి లేకుండా చేసిన పేరు."

కాగితాలన్నీ మేరీ ముందుకొచ్చాయి.

ప్రొద్దుటూరు సభనాడు వేదికకు ఆరు మెట్లు. వికలాంగుల బండ్లన్నీ, సుబ్బమ్మ మంచమూ కిందనే ఆగిపోయాయి. నూనె మిల్లుల కూలీలు, కాలేజీ పిల్లలు చుట్టూ నిలబడ్డారు. మేరీ ఒక్కతే కాలిపర్ టకటకలాడిస్తూ ఎక్కింది. పెద్దలిద్దరూ చేతులు కట్టుకుని దయగా చూశారు. వెనక నలుగురు తుపాకుల మనుషులు.

"నేను," అని మైకులో మొదలుపెట్టి, మిద్దింటాయన పేరు, తండ్రి పేరు, ఊరు చదివింది మేరీ. "ఒకరి తోడు లేనిదే గడప దాటలేను. నలుగురు చుట్టూ ఉంటే గాని కదలలేను."

మిల్లు కూలీ ఒకడు కిసుక్కుమన్నాడు. ఆ నవ్వు కాలేజీ పిల్లలకు అంటుకుంది. "నావల్ల ఇంటివాళ్ళకు నిద్ర లేదు," అని మేరీ చదివేసరికి జనమే అందుకుని, "ఊరికి భారం, ఊరికి భారం," అని చప్పట్లు కొట్టారు. తుపాకులవాళ్ళు మైకు తీగ తెంపేశారు. కింద రహీం రెండో కాగితం విప్పి, గొంతెత్తి, తోటింటాయన పేరుతో మొదలుపెట్టాడు.

పోలీసులు వచ్చారు. "ఎత్తుకోండి సార్. మావోళ్ళు వ్యాను మెట్లెక్కలేరు," అన్నాడు రహీం. ఒక్కొక్కరినీ ఇద్దరిద్దరు మోసుకుపోయి వ్యానులో వేసేసరికి పోలీసుల చొక్కాలు చెమటకు తడిసి ముద్దయ్యాయి. సుబ్బమ్మ మంచం స్టేషన్ గుమ్మంలో పట్టలేదు. బయటే దించారు. జనం బండ్లు తోసుకొచ్చి మంచం చుట్టూ కూర్చున్నారు.

మనోహర్ అలవాటు కొద్దీ పేపరు తెచ్చాడు. మేరీకి ఆ కుళ్ళు మళ్ళీ లేచింది. అతని చేతిలోంచి పేపరు లాక్కుంది. "ఈ పొద్దు నేను చదువుతా."

"బతికిస్తివి," అంది సుబ్బమ్మ.

ఎస్సై తెల్లకాగితాలు తెచ్చి పడేశాడు. "తప్పయిందని రాసియ్యండి. పంపిచ్చేస్తా."

మేరీ కలం మూత తీసింది. కాగితం మీద పెట్టకుండా ఆగింది. "ఏం రాయాలక్కా?"

సుబ్బమ్మ ఆకాశంలోకి చూస్తూ ఆలోచించింది. ఏడేండ్లు ఇంటి పైకప్పే చూసిన కండ్లు అవి.

"రాయి. చిన్నసుబ్బమ్మ అనే నేను సావను. నాకు ఇనుప మంచం కావాల. ఆఫీసుకు మెట్లు లేని దారి కావాల. బాంబు ఎవురిదో తేలాల. తేలేదాకా ఈడనే ఉంటా."

మేరీ ఒక్క మాట మార్చకుండా రాసి, చదివి వినిపించింది. సుబ్బమ్మ విని, సరేనని, తనే వేలు చాపింది.

"తర్వాత నాది," అన్నాడు రహీం. అతని వెనక బండ్లు ఒకదాని వెంట ఒకటి వరసకట్టాయి. వరస స్టేషన్ గేటు దాటి రోడ్డెక్కింది.