మార్తాకు తెలిసిన లీలాకుమారి

నేను అమెరికాలో కంపెనీ పెట్టినప్పుడు నా వేళ్లకు బెండకాయ జిగురు అంటుకుని ఉంది. జగదీశ్ వంటింట్లోకి వచ్చి, గట్టు మీద తడి లేని చోటు చూసి కాగితాలు పరిచాడు. "ఇంటూ పెట్టిన చోటల్లా సంతకం పెట్టు. తొందరగా, ఫ్యాక్స్ చెయ్యాలి" అన్నాడు. పెన్సిల్‌తో చిన్న చిన్న ఇంటూ గుర్తులు, పేజీకి ఒకటి. పన్నెండేళ్ల కాపురంలో ఆ గుర్తులు నాకు అలవాటే. ఏ కాగితమో అడగడం మానేసి కూడా చాలా కాలమైంది. చేతులు కడుక్కుని వస్తానంటే, "ఒక్క సంతకానికి స్నానం చేసొస్తావా ఏంటి?" అన్నాడు. మొదటి పేజీలో నా పేరు పక్కన జిగురు మరక పడింది. అలాగే పంపించాడు.

డెలావేర్ అని అక్కడ ఒక చిన్న రాష్ట్రమట. కంపెనీ పెట్టడానికి మనిషి వెళ్లక్కర్లేదు. ఒక పేరు, ఒక ఏజెంటు, ఆ ఏజెంటు అడ్రసు ఉంటే చాలు. ఫిల్మ్‌నగర్‌లో మా డబ్బింగ్ థియేటర్ వెనక గదుల్లో అప్పటికే కంప్యూటర్లు వరసగా పెట్టించాడు జగదీశ్. ఊరంతా హైటెక్ సిటీ వైపు పరుగులు పెడుతున్న రోజులు. అమెరికా వాళ్ల బొమ్మల సినిమాలకు ఇక్కడ రంగులు వేయించాలంటే, అక్కడ మనకో కంపెనీ ఉండాలన్నారట వాళ్లు. భోజనాల దగ్గర మా మామగారు పట్టాభిరామయ్యగారికి వివరించాడు. "లిమిటెడ్ లయబిలిటీ అంటే, రేపు ఏదైనా తేడా వస్తే కంపెనీ వరకే మునుగుతుంది నాన్నా. మన ఇంటి జోలికి ఎవరూ రారు." ఆ మాట నాకు భలే నచ్చింది. బాధ్యతకు ఒక గీత గీసి, ఇంతవరకే నాది అనగలగడం. నేను పప్పు వడ్డిస్తూ ఇంకా దాని గురించే ఆలోచిస్తుంటే, మామగారు నెయ్యి అడిగారు.

నా పేరు మీదే ఎందుకంటే, శని వల్ల. సినిమా ముహూర్తాలు పెట్టే జూబ్లీహిల్స్ సిద్ధాంతి జగదీశ్ జాతకం చూసి, ఏలినాటి శనిలో ఆఖరి రెండున్నరేళ్లు నడుస్తున్నాయి, సొంత పేరు మీద కొత్తదేదీ మొదలుపెట్టొద్దు, భార్య పేరు మీదైతే దోషం లేదు అన్నాడు. కొబ్బరికాయ కొట్టకుండా మైకు కూడా ఆన్ చెయ్యని ఇల్లు మాది. లాయరు వెంకటేశ్వరరావుగారు మాత్రం, "మొత్తం యజమానురాలు ఆవిడే అవుతారండీ, మీకు చీమ తలకాయంత వాటా కూడా ఉండదు, ఆలోచించుకోండి" అన్నారట. "ఆవిడెక్కడికి పోతుంది సార్" అన్నాడట జగదీశ్. ఈ ముక్క నాకు అతనే చెప్పాడు, నవ్వుతూ.

కంపెనీ అడ్రసున్న ఇంటి ఫోటో కూడా చూపించాడు. ఎర్ర ఇటుకల చిన్న కట్టడం, కిటికీలన్నీ మూసి ఉన్నాయి. ఆ ఒక్క ఇంట్లోనే వేల కంపెనీలున్నాయట. మరి మనుషులేరీ అంటే, పేర్లే ఉంటాయన్నాడు. ఆ తర్వాత చాలా రోజులు, బట్టలు ఆరేస్తున్నప్పుడో, బియ్యం ఏరుతున్నప్పుడో ఆ ఇల్లు గుర్తొచ్చేది. మూసిన కిటికీల వెనక వేల పేర్లు, వాటిలో జిగురు మరకతో నా పేరు. అది అక్కడ ఏం చేస్తూ ఉంటుంది?

పేరు ఒకచోట, మనిషి ఒకచోట ఉండటం నాకు కొత్తేమీ కాదు. పెళ్లికి ముందు, పెళ్లయ్యాక మూడేళ్లు, నేను డబ్బింగ్ చెప్పేదాన్ని. తెలుగు ముక్క రాని హీరోయిన్లకు నా గొంతు ఉండేది. టైటిల్స్‌లో నా పేరు ఉండేది కాదు. వాళ్లు ఏడిస్తే నేను ఏడ్చేదాన్ని, వాళ్ల పెదవులు కదిలేలోపే ఊపిరి తీసుకునేదాన్ని. ఒకరోజు మామగారు కంచం ముందు నుంచి లేచిపోయారు. "కోడలి గొంతు ఊరూరా హాళ్లలో ప్రేమిస్తున్నా, ప్రేమిస్తున్నా అని అరుస్తుంటే నాకు ముద్ద దిగడం లేదు" అన్నారు. నేను మానేశాను. జగదీశ్ ఊరుకోబెడుతున్నట్టు, "ఇంట్లో ఉన్నది ముగ్గురం, నీకు పనేముంటుంది? మన థియేటర్‌కొచ్చి కొత్తమ్మాయిలకు నేర్పు" అన్నాడు. జీతమా? సొంత థియేటర్లో జీతమేంటి? అలా నేర్పినవాళ్లలో నిహారిక ఒకతి. నర్సాపూర్ వైపు పిల్ల. నా గొంతును ఎంత పట్టేసిందంటే, ఫోనెత్తి హలో అంటే జగదీశే పొరబడేవాడు.

కంపెనీ పెట్టిన ఏడాదికి నా పుట్టినరోజు నాడు డెలావేర్ నుంచి ఒక కార్డు వచ్చింది. ఇంట్లో ఎవరికీ గుర్తులేని పుట్టినరోజు. ఏజెంటు ఆఫీసులో పనిచేసే మార్తా అనే ఆవిడ స్వయంగా పెన్నుతో రాసింది. "ప్రియమైన లీలా, మీరూ సుందరీ కలిసి ఈ రోజు హాయిగా గడపండి. కిటికీ దగ్గర కానుగ చెట్టు పూసిందా?" సుందరి పేరు పక్కన చిన్న పిల్లి బొమ్మ గీసింది.

మా ఇంట్లో పిల్లి లేదు. మామగారికి గిట్టదు. మా కిటికీలోంచి పక్కింటి గోడ తప్ప ఏమీ కనపడదు. కార్డు పట్టుకుని హాల్లో నిలబడ్డాను. ఎవరో నా పేరుతో ఎక్కడో బతుకుతున్నారనిపించింది. జగదీశ్‌ని అడిగితే, "అందరికీ అలాగే రాస్తారు, వాళ్ల బిజినెస్ అది" అని టీవీ సౌండు పెంచాడు. కార్డు పడెయ్యలేకపోయాను. పప్పుల డబ్బాల వెనక దాచాను.

మొన్న సోమవారం జగదీశ్ మళ్లీ కాగితాలు తెచ్చాడు. శని వదిలిందట. ఇక కంపెనీ తన పేరు మీదికి మార్చుకోవాలి. పెన్సిల్ ఇంటూ గుర్తు, ఈసారి ఒక్కటే. "నీ సంతకం కాపీ పంపించేశాలే, పాత కాగితాల్లోంచి తీసి. ఇది మన ఫైలు కోసం. అసలు పని ఫోన్లో ఉంది. యజమాని నోటితో ఒప్పుకుంటేనే మారుస్తారట. గురువారం సాయంత్రం మార్తాతో మాట్లాడాలి నువ్వు."

"ఇన్నాళ్లూ ఎవరు మాట్లాడారు?"

"నిహారిక. నీది గుడివాడ ఇంగ్లీషు కదా, అందుకని. దానికి కాల్ సెంటర్ ట్రైనింగ్ ఇప్పించాను. నీ పేరు చెప్పి అన్నీ అదే చూసుకునేది. ఇప్పుడది మద్రాసు వెళ్లి కూర్చుంది, రానంటోంది." జేబులోంచి ఒక సీడీ తీసి ఇచ్చాడు. థియేటర్లో ప్రతి కాల్ రికార్డు చేసి పెట్టారట. "అది ఎలా మాట్లాడిందో విను. అచ్చం అలాగే మాట్లాడు. గొంతు తేడా వస్తే అనుమానిస్తారు."

అంటే నేను, నన్ను అనుకరించిన పిల్లను అనుకరించాలి.

మర్నాడు మధ్యాహ్నం పడగ్గదిలో సీడీ పెట్టుకున్నాను. మొదట ఫీజులు, ఫారాలు. తర్వాత మార్తా కబుర్లలోకి దిగింది. మీరు ఎక్కడుంటారు లీలా అంది. నా గొంతు జవాబు చెప్పింది. యాస వేరు, గొంతు నాదే. ఒక్క గదిలో ఉంటాను. కిటికీ తీస్తే కానుగ చెట్టు. పొద్దున నా ఇష్టమొచ్చినప్పుడు లేస్తాను. ఒక్క కప్పు కాఫీ కలుపుకుంటాను, అది వేడిగా ఉండగానే తాగేస్తాను. పెళ్లి కాలేదా అని అడిగింది మార్తా. నా గొంతు నవ్వింది. "అయిందని ఎవరైనా రాశారా?"

అది నేను మరిచిపోయిన నవ్వు. ఎదురుగా డ్రెస్సింగ్ టేబుల్ అద్దం ఉంది. అనుకోకుండా చూశాను. సీడీలో మాట రావడానికి ఒక్క క్షణం ముందే అద్దంలో నా పెదవులు కదులుతున్నాయి. మొదటిసారి వింటున్న మాటలు. ఒక్కటీ తప్పలేదు.

తలుపు దగ్గర భూలక్ష్మి చీపురు పట్టుకుని నిలబడి ఉంది. మోతీనగర్ నుంచి వచ్చి మా ఇంట్లో పనిచేస్తుంది. "ఏందమ్మా, గింత నవ్వుకుంట ఇంగ్లీషుల ఎవరితోని మాట్లాడుతున్నవ్? నువ్వు గిట్ల నవ్వంగ నేనెన్నడు సూడలే" అంది.

నేను నవ్వలేదు అని చెప్పబోయి, వేళ్లతో పెదవులు తడిమి చూసుకున్నాను.

నిహారికకు ఫోన్ చేశాను. "అక్కా, తప్పయింది. సార్ కాగితం రాసిచ్చెటోడు. గా మార్తా కాగితంల లేనియి అడిగేది. నాకేం తోచక చెప్పిన."

"నా గురించి అవన్నీ నీకెలా తెలుసు?"

"మీరే నేర్పిండ్రు గదక్కా, పెదాలు జూసి చెప్పమని. మీరు సార్ కోసం క్యారేజీ పట్టుకొని గాజు గది అవతల కూసునేటోళ్లు. మాట ఇనిపించకపోయేది. మీ పెదాలు మాత్రం కదులుతుండె. మీలో మీరే ఏందో మాట్లాడుకునేటోళ్లు, రోజూ. నేను ఫోన్ల గదే చెప్పిన. పిల్లి, కానుగ చెట్టు మాత్రం నా గదివి."

"నేను మాట్లాడుకునేదాన్నా?"

"మీకు తెల్వదా అక్కా?" అంది. భయపడినట్టుంది. తర్వాత మెల్లగా, "వెంగళరావు నగర్ల నా గది ఇంక గట్లనే ఉంది. ఉగాది దాంక కిరాయి కట్టిన. సుందరికి ఇల్లుగలామె పాలు పోస్తున్నది. తాళం గూడ ఆమె దగ్గర్నే ఉంది. ఊకనే చెప్తున్న" అంది.

ఫోన్ పెట్టేసి వంటింట్లోకి వెళ్లాను. మామగారి కాఫీ వేళయింది. పాలు పొంగుతుంటే చూస్తూ నిలబడ్డాను. నాకు కోపం వచ్చింది. నిహారిక మీద కాదు. డబ్బింగ్ మానేసిన ఈ పన్నెండేళ్లూ నా పెదవులు కదులుతూనే ఉన్నాయి. గాజుకు ఇవతల ఉన్నవాళ్లు ఒక్కరూ వినలేదు. అవతల కూర్చున్న పిల్ల విన్నది. సముద్రాల అవతల ఎవరో తెలియని ఆడమనిషి విని, పిల్లి బొమ్మ గీసి పంపించింది. గురువారం నేను సరేనంటే ఆ ఒక్కగదిలో ఉన్న మనిషి చచ్చిపోతుంది. దాన్ని చంపడానికి నా గొంతే కావాలి.

గురువారం సాయంత్రం ఏడింటికి హాల్లో ఫోన్ స్పీకర్‌లో పెట్టాడు జగదీశ్. అక్కడ పొద్దున తొమ్మిదిన్నర. మామగారు టీవీ సౌండు తీసేశారు. నా ముందు, చెప్పవలసిన మాటలు రాసిన కాగితం. దాని పక్కన ఇంటూ గుర్తున్న కాగితం.

"లీలా! ఎన్నాళ్లకు! సుందరి ఎలా ఉంది?" అంది మార్తా.

కాగితంలో అది లేదు. "బాగుంది. ఇందాకే పాలు తాగింది" అన్నాను. గుడివాడ ఇంగ్లీషు కాదు, నిహారిక ఇంగ్లీషు కాదు. ఎక్కడ నుంచి వచ్చిందో నాకే తెలియని మెత్తని ఇంగ్లీషు. జగదీశ్ బొటనవేలు పైకెత్తి మెచ్చుకున్నాడు.

"కంపెనీ మొత్తం జగదీశ్ అనే ఆయనకు రాసిచ్చేస్తున్నట్టు మీ కాగితం వచ్చింది. మీకు సమ్మతమేనా?"

కాగితంలో ఒక్కటే మాట ఉంది. సమ్మతమే. జగదీశ్ దాని మీద వేలు పెట్టి చూపించాడు. అతని గోరు కింద పెన్సిల్ నలుపు కనబడుతోంది.

"లేదు మార్తా. ఆ కాగితం నేను పంపలేదు. కంపెనీ నా పేరు మీదే ఉండనివ్వండి. నా అడ్రసు మాత్రం మార్చుకోండి, చెబుతాను. వెంగళరావు నగర్."

జగదీశ్ వేలు అక్కడే ఆగిపోయింది. మామగారు, "ఏమంటోందిరా?" అన్నారు. మార్తా వైపు కీబోర్డు చప్పుడు ఆగింది.

"ఎవరిదో గొంతు వినపడింది లీలా. రూలు ప్రకారం నేను అడగాలి. మీ గదిలో ఇంకెవరైనా ఉన్నారా?"

జగదీశ్ సగం లేచి ఉన్నాడు. చెయ్యి ఫోన్ మీదికి వస్తోంది. నేను అతని కళ్లలోకి చూస్తూ, వేడి కాఫీ తాగిన మనిషిలా తీరిగ్గా చెప్పాను.

"ఎవరూ లేరు మార్తా. నేను ఒక్కదాన్నే ఉంటాను."