కచ్చా కుట్టు పగ

దర్జీ మళ్ళీకొలత తన కుట్టుమిషనుకి నూనె వేస్తున్నాడు. రోజూ పొద్దున్నే చేసే పనే. మూడు చోట్ల మూడు చుక్కలు వేస్తే అయిపోతుంది. రెండు వేశాడు. మూడో చుక్క డబ్బా మూతి దగ్గర వేలాడుతూ, ఆయన ఆలోచన ఎప్పుడు తెములుతుందా అని చూస్తోంది.

ఒకసారి కొలిచిన నడుమును ఇంకో రెండుసార్లు కొలిస్తేగాని కత్తెర పట్టడని బజారంతా కలిసి పెట్టిన పేరు, మళ్ళీకొలత. ఇంటి ముందుగదే ఆయన కొట్టు. ఇవాళ్టి ఆలోచన మాత్రం నడుము గురించి కాదు, పగ గురించి.

ఆయన తండ్రి కూడా దర్జీయే. మెడ దగ్గర ఎగరకుండా ఒదిగి పడుకునే కోటు కాలరు ఒకటి కనిపెట్టాడు. ఏడాది కిందట పోయాడు. నెల తిరక్కుండానే బాబాయి, అంటే తండ్రి సొంత తమ్ముడు, ఆ కాలరు తన చేతి విద్యేనని నలుగురికీ చెప్పుకోవడం మొదలుపెట్టాడు. దర్జీల సంఘం నమ్మింది. ఈ సాయంత్రమే సన్మానం. సభకు వేసుకెళ్ళే కోటు మాత్రం బాబాయి కుట్టుకోలేడు, చేతులు వణుకుతున్నాయి. గుడ్డ తెచ్చి అన్న కొడుకు చేతిలోనే పెట్టాడు.

గుడ్డ అందుకున్నప్పుడే మళ్ళీకొలత మనసులో ఒట్టు పెట్టుకున్నాడు. నాన్న పేరు మింగేసిన మనిషిని నలుగురిలో నవ్వులపాలు చేయాలి. దారి కూడా దొరికింది. కోటు చేతులు మిషను మీద కుట్టకుండా, ఫిట్టింగు చూసుకోవడానికి వేసే కచ్చా కుట్టుతో వదిలేస్తే సరి. బాబాయి మాట్లాడితే చేతులు గాల్లో తిరగాల్సిందే. రెండో మాటకల్లా కోటు చేయి ఊడి మైకు మీద పడుతుంది.

కచ్చాగా కుట్టాడు. తర్వాత ఆలోచించాడు. ఆ కోటు ఎవరు కుట్టారని అడుగుతారు కదా? ఫలానాయన కొడుకంటారు. నాన్న పరువే పోతుంది. విప్పి గట్టిగా కుట్టాడు. గట్టిగా కుట్టాక నాన్నకు ద్రోహం చేసినట్టనిపించింది. విప్పి మళ్ళీ కచ్చా వేశాడు. అయిదు రోజుల్లో ఇలా ఏడుసార్లు.

ఉతికిన బట్టలు మడతపెడుతూ భార్య అంతా చూస్తూనే ఉంది. ఏడోసారికి నోరు విప్పింది.

"ఏమండీ, ఈ లెక్కన మీ బాబాయి వేసుకునేలోపే ఆ కోటు మనమీద పగబట్టేట్టుంది."

"నీకేం తెలుసు? ఇది ధర్మసంకటం."

"సంకటం గుడ్డకి. చూడండి, ఎన్ని చిల్లులో."

నూనె డబ్బా చేతిలో ఉండగానే ఆయనకు మధ్యేమార్గం తోచింది. కుడిచేయి గట్టిగా, నాన్న పరువు కోసం. ఎడమచేయి కచ్చాగా, నాన్న పగ కోసం. మూడో చుక్క వేసి పనిలోకి దిగి, మధ్యాహ్నానికి ముగించాడు. ముగించాక అనుమానం వచ్చింది. మాట్లాడేటప్పుడు బాబాయికి గాల్లో తిరిగేది ఎక్కువగా కుడిచేయి, ఎవరినైనా తిట్టేటప్పుడు మాత్రం ఎడమచేయి లేపుతాడు. సన్మాన సభలో ఎవరినైనా తిడతాడా? ఎవరిని? ఎందుకు? అది తేలకముందే బాబాయి గుమ్మంలోకి వచ్చేశాడు.

కోటు తొడుక్కుని అద్దం ముందు నిలబడ్డాడు. మళ్ళీకొలత వేసింది నాన్న కాలరే, మెడను అంటిపెట్టుకుని ఉంది. ముసలాయన దాన్ని వేలితో తడిమాడు. చాలాసేపు తడిమాడు. తర్వాత భుజం ఎలా కూర్చుందో చూసుకోవాలని ఎడమచేయి ఎత్తబోయాడు.

"బాబాయ్, చెయ్యెత్తకు," అన్నాడు మళ్ళీకొలత. ఈ ఏడాదిలో ఆలోచించకుండా అన్న మాట అదొక్కటే.

"ఏం?"

"అది కచ్చా కుట్టు. ఊడిపోతుంది."

బాబాయి చంక కింద వేలు పెట్టి చూసుకున్నాడు. దారం తగలగానే దర్జీ వేలికి సంగతి తెలిసింది. "మర్చిపోయావా?"

"లేదు. కావాలనే వేశా. సభలో ఊడాలని."

లోపల భార్య బట్టలు మడతపెడుతున్న చప్పుడు ఆగిపోయింది.

బాబాయి కోప్పడలేదు. "మరి ఎందుకు చెప్పావురా, వెధవా?" అన్నాడు.

"ఊడితే చూడలేను." ఏడాదిగా కొలిచి కొలిచి పక్కన పెడుతున్న ఇంకో మాట కూడా అనేశాడు. "ఆ కాలరు నాన్నది బాబాయ్."

ఇంత చిన్న మాటని ఎప్పుడైనా నోటితో అనేయొచ్చని, అందుకు కోటుతో పనే లేదని ఇన్నాళ్ళూ ఆయనకు తట్టలేదు.

బాబాయి అద్దంలోకే చూస్తున్నాడు. మళ్ళీకొలత గబగబా సూదిలో దారం ఎక్కించి, కూర్చోమని, పది నిమిషాల్లో గట్టిగా వేసిచ్చేస్తానని అన్నాడు. బాబాయి కూర్చోలేదు. ఎడమచేయి జాగ్రత్తగా లాక్కుని కోటు విప్పాడు. కుర్చీ వీపుకి తగిలించి, కాలరును అరచేత్తో సర్దాడు. పాత చొక్కాతోనే చెప్పుల్లో కాళ్ళు పెట్టాడు.

ఆపాలా? ఆపితే నాన్నకు అన్యాయం. ఆపకపోతే నాన్న తమ్ముడికి అన్యాయం. మళ్ళీకొలత సూది పట్టుకుని ఆలోచిస్తూనే ఉన్నాడు. సభ జరిగే హాలు వీధిలో ఎడమవైపు. బాబాయి గడప దాటి, తన ఇల్లుండే కుడివైపుకి తిరిగి వెళ్ళిపోయాడు.