వదిలే చెయ్యి

టప్.

ముందు ఆ చప్పుడే. రాతి మీద కొయ్య పడిన చప్పుడు. పొడిగా, పొట్టిగా, వెనక ఏ మోతా లేకుండా. చీకటిలో ఎవరో ఊపిరి వదిలారు. మోకాళ్ళు పటుక్కుమన్నాయి, ఎవరో వంగి లేచారు. మళ్ళీ టప్. ఈసారి చప్పుడుకు చిన్న తోక ఉంది. కొయ్య ఒక మూల మీద పడి, పక్కకు దొర్లి ఆగింది.

"వంకర," అన్నాడతను తనతో తనే.

ముప్ఫై సార్లు పూర్తయ్యాక దీపాలు వేశాడు. చూడకుండా వదిలి, విని తెలుసుకోవడం అతని ఉదయపు సాధన. కన్ను ముఖస్తుతి చేస్తుందని, చెవి చెయ్యదని అతని నమ్మకం. ఫోనంత కొలతకు కోసి, ఫోనంత బరువు వచ్చేలా కడుపులో సీసం పోసిన ఆ కొయ్యముక్క అంచులు ఏడేళ్ళకు సబ్బుబిళ్ళలా అరిగిపోయాయి. ముప్ఫైలో పదకొండు వంకర. నిన్న ఎనిమిదే.

వెలుగులో గది తన సామానంతా చూపించింది. మూడు గోడలకు నల్లగుడ్డ. నడుమ చాప వెడల్పు నల్లరాతి పలక. మూడేసి కాళ్ళ మీద రెండు కెమెరాలు. నాలుగో గోడ నిండా అరలు, అరల నిండా ఏడేళ్ళ ఫోన్లు: పగిలినవి, వంగినవి, గీతలు పడినవి, చెక్కుచెదరనివి. ప్రతిదాని కిందా ఒక చీటీ. తేదీ, ఎత్తు, ఎన్నోసారికి పోయిందో. ఆ గుండ్రని అక్షరాలు అతనివే. ఈ ఏడాది చీటీల్లో ఆ గుండ్రదనం కొంచెం కొంచెంగా చెదురుతూ వచ్చింది.

ఆ గది నుంచి వారానికి మూడు వీడియోలు వెళ్తాయి. కొత్త ఫోను కొనవచ్చా, కొత్త సాఫ్ట్‌వేరు వేసుకోవాలా ఆగాలా, నిన్న వచ్చిన అంతరిక్షం సినిమాలో సైన్సు ఎంత, బూటకం ఎంత. వీటి మీద తడుముకోకుండా అభిప్రాయాలు చెప్పే వ్యాఖ్యాత ముఖం లక్షలమందికి తెలుసు. ఆ ముఖానికి ముందు ఒక చెయ్యి కనిపిస్తుంది. తెల్లచొక్కా అంచు, పొట్టిగా కత్తిరించిన గోళ్ళు, చూపుడువేలి కణుపు మీద పాత కాలిన మచ్చ. మోకాలి ఎత్తు నుంచి ఒకసారి, నడుము ఎత్తు నుంచి ఒకసారి, భుజం ఎత్తు నుంచి ఒకసారి ఆ చెయ్యి ఫోనును వదులుతుంది. దాని వెనక ఒక మనిషి ఉన్నాడని చూసేవాళ్ళకు తట్టినట్టు లేదు.

స్టూడియోలోనూ అతను చెయ్యి గారే. మొదటిరోజు కెమెరామన్ "చెయ్యి ఏదయ్యా, ఇంకా రాలేదా?" అని అరిచాడు. "వచ్చిందండీ," అని తలుపు దగ్గర నుంచి అతను బదులిచ్చాడు. అందరూ నవ్వారు. ఆ నవ్వుతోపాటే ఆ పేరు అతుక్కుంది. అసలు పేరు అడగవలసిన అవసరం ఏడేళ్ళలో ఎవరికీ రాలేదు. చెప్పాలని అతనికి ఒకటి రెండుసార్లు అనిపించింది కాని, అప్పటికే చెప్పడానికి సిగ్గుపడవలసినంత ఆలస్యమైంది.

ఆ ఉదయం ఇంట్లో బయల్దేరేముందు అతని చొక్కా గుండీలు భార్య పెట్టింది.

"చలికి," అన్నాడతను, ఆమె ఏమీ అడగకముందే.

"నాకిక్కడ చెమటలు కారుతుంటే, ఆయనకి చలట!" ఆమె రెండో గుండీ దగ్గరికి వచ్చింది. "డాక్టరు చెప్పినవి రెండే రెండు. మధ్యాహ్నం రెండింటికి గుండెమాత్ర. ఊపిరి బిగబట్టొద్దు. ఆ రెండూ తప్ప అన్నీ చేస్తారు."

"చేస్తానన్నాగా."

"ఊరంతా మీ చేతికి అభిమానులు. ఇంట్లో ఒక్క గిన్నె అందుకోమంటే మాత్రం జారిపోతుంది మహానుభావుడికి."

ఆఖరి గుండీ పెట్టాక ఆమె నవ్వడం మానేసింది. అతని కుడిచేతిని తన రెండు అరచేతుల మధ్య పట్టుకుని, వణుకు ఆగుతుందేమోనని కాసేపు చూసింది. ఆగలేదు. "వెళ్ళిరండి," అంది.

క్రితం వారం వీడియో కింద ఎవరో రాశారు: చెయ్యి వణుకుతోంది, ఇది పరీక్ష కాదు. నాలుగు వందల మంది ఔనన్నారు. వీడియోలు కత్తిరించి అతికే ఎడిటరమ్మాయి ఆ మాటను అతనికి చూపించి, చూపించినందుకు తనే బాధపడింది. మర్నాడు వ్యాఖ్యాత అతని పక్కన నిలబడి, అతని వైపు చూడకుండా అన్నాడు: "ఇనప చెయ్యి ఒకటి వచ్చిందట, చెయ్యి గారూ. వెంట్రుకవాసి తేడా రాదట. నేనింకా తెప్పించలేదు. ఈ మడత ఫోను వీడియో అయ్యాక చూద్దాం."

ఆ "చూద్దాం"ని అతను వారం రోజులుగా వెంట మోసుకు తిరుగుతున్నాడు. అరవై మూడేళ్ళ వయసులో అతనికి మిగిలిన పని ఇదొక్కటే. ఇది పోతే ఇంట్లో కూర్చునే మనిషి ఎవరో, ఎలా ఉంటాడో, అతనికే తెలియదు.

ఎవరూ రాకముందు చెయ్యవలసిన పని ఇంకొకటి ఉంది. చెప్పినది విని పలికే పెట్టె ఒకటి పరీక్షకు వచ్చింది. పిడికిలంత, బూడిదరంగు, నెత్తిన చిన్న నీలిదీపం. మీట నొక్కగానే చలాకీ ఆడగొంతు పలికింది.

"నమస్కారం! మిమ్మల్ని ఏమని పిలవమంటారు?"

అతను తలుపు వైపు చూశాడు. ఎవరూ లేరు. గొంతు తగ్గించి తన పేరు చెప్పాడు. పెట్టె మొదటిసారి దాన్ని ఏదో పానీయం అనుకుంది. రెండోసారి ఒక ఊరనుకుంది. మూడోసారి అతను అక్షరం అక్షరం విడదీసి, పసిపిల్లకు నేర్పినట్టు నేర్పాడు. అప్పుడు పెట్టె ఆ పేరును సరిగ్గా, చివర "గారూ" తగిలించి మరీ పలికింది. ఏడేళ్ళలో ఆ గది గోడలు మొదటిసారి విన్న పేరు.

"మళ్ళీ అను," అన్నాడతను. అది మళ్ళీ అంది. అతని చెవులు వేడెక్కాయి.

గుర్తుచేయడం వచ్చో రాదో కూడా చూడాలి కనుక, మధ్యాహ్నం రెండింటికి మాత్ర సంగతి చెప్పమన్నాడు.

"తప్పకుండా. మీరు 'వేసుకున్నాను' అనేదాకా గుర్తుచేస్తూనే ఉంటాను."

"మా ఆవిడ చెప్పి పంపిందా ఏమిటి నీకు?"

"క్షమించండి, మీ ప్రశ్న నాకు అర్థం కాలేదు."

"ఆవిడా ఇంతే," అన్నాడు. చీటీ తీసుకుని చెదిరే అక్షరాలతో తన అభిప్రాయం రాశాడు: వినదు. కాచుకుని ఉంటుంది. చీటీని పెట్టె కింద పెట్టి, రెండిటినీ అర మీద ఉంచాడు.

వ్యాఖ్యాత, కెమెరామన్, ఎడిటరమ్మాయి పదింటికి వచ్చారు. కెమెరామన్ దీపాలు సర్దుతూ, "ఇవాళ మాత్రం మాకు చెయ్యివ్వకండి, చెయ్యి గారూ," అన్నాడు. ఇది అతని రోజువారీ జోకు. ఇవాళ అనేశాక మాత్రం నాలుక కరుచుకున్నాడు.

మడత ఫోను అరచేతిలోకి వచ్చింది. మూసి మూడు ఎత్తుల నుంచి, తెరిచి మూడు ఎత్తుల నుంచి, మొత్తం ఆరు. మోకాలి ఎత్తు బాగానే వచ్చింది. నడుము ఎత్తు దగ్గర ఫోను పల్టీ కొట్టింది. ఇంకోసారి. ఇంకోసారి. నాలుగోసారికి వ్యాఖ్యాత గడియారం చూసుకున్నాడు.

"తెర మీద చూస్తారా?" అంది ఎడిటరమ్మాయి మెల్లగా.

చూశాడు. క్షణాన్ని నిమిషంగా సాగదీసే కెమెరా అది. అందులో అతని చెయ్యి సముద్రంలా లేచింది, పడింది. వేళ్ళు ఒకదాని వెనక ఒకటి అలల్లా కదులుతున్నాయి. ఫోను ఆ అలల మీద నుంచి ఎప్పుడు జారిపోయిందో కూడా తెలియడం లేదు.

వదలడం వేరు, పడెయ్యడం వేరు. పడేస్తే వస్తువుతోపాటు చేతి కోరిక కూడా కింద పడుతుంది. వదిలితే వస్తువొక్కటే వెళ్తుంది. ఈ తేడా అతను ఇరవై రెండేళ్ళ వయసులోనే, సినిమా స్టూడియోలో ఇలాంటి ఒక నల్లగదిలోనే నేర్చుకున్నాడు. రేకుతో, కొయ్యతో, మిఠాయి డబ్బాల మూతలతో చేసిన అంతరిక్ష నౌకలు. సూదితో పొడిచిన నల్లగుడ్డ వెనక దీపం పెడితే నక్షత్రాలు. నెత్తి నుంచి కాళ్ళ దాకా నల్లటి ముసుగు, భుజం దాకా నల్లటి తొడుగు. నౌకను వెనక నుంచి పట్టుకుని నలభై అంకెలు లెక్కపెట్టేంతసేపు గ్రహాల మధ్య నడిచేవాడు. "అంతరిక్షంలో గాలుండదయ్యా! నౌక ఊగితే చంపేస్తాను!" అని దర్శకుడు అరిచేవాడు. ఊగకుండా ఉండటానికి ఒకటే మార్గం. నలభై అంకెలూ ఊపిరి బిగబట్టేవాడు. ఒకసారి నౌక తోకలో పెట్టిన మందుగుండు వేలి మీద పేలినా ఊపిరి వదల్లేదు; ఆ మచ్చే ఇది.

పెళ్ళయిన కొత్తలో భార్యను ఆ సినిమాకు తీసుకెళ్ళాడు. నౌక తెర మీదకు రాగానే ఆమె చెవిలో, "అదుగో, నేనే," అన్నాడు.

"ఎక్కడ? నాకేం కనబడట్లేదే?"

"కనబడకపోవడమే నా ఉద్యోగం."

తర్వాత నౌకలను కంప్యూటర్లు నడిపించడం మొదలుపెట్టాయి. నల్లతొడుగులకు పని పోయింది. కొన్నాళ్ళు గడియారాల దుకాణం, కొన్నాళ్ళు ఫోన్లు బాగుచేసే బల్ల, ఆఖరికి ఈ గది. అప్పుడు చెయ్యి కనబడకుండా నౌక కనబడింది. ఇప్పుడు మనిషి కనబడకుండా చెయ్యి కనబడుతోంది. ఎటు తిరిగినా అతను గుడ్డ వెనకే.

"ఒక్కసారి ఆగండి," అన్నాడతను. కళ్ళు మూసుకున్నాడు. నిండా గాలి పీల్చి, లోపల తలుపు వేసుకున్నాడు.

టప్. తోక లేని చప్పుడు.

"వాహ్!" అన్నాడు కెమెరామన్.

భుజం ఎత్తు. ఊపిరి. టప్. తెరిచి, మోకాలి ఎత్తు. ఊపిరి. టప్. ఒక్కోసారి వదిలాక అతను వంగి రాతి పలక అంచు పట్టుకుని కాసేపు ఉండిపోయాడు; మిగతావాళ్ళు కీళ్ళనొప్పి అనుకున్నారు. నడుము ఎత్తు. ఆఖరిది, భుజం ఎత్తు: విప్పిన ఫోను రెండు రెక్కలతో, గాలి లేని చోట నౌకలా, ఇసుమంత కూడా ఊగకుండా దిగి రాతి మీద వాలింది. మడత పొడవునా వెంట్రుకలాంటి చీలిక. మిగతా అద్దం చెక్కుచెదరలేదు. తెర మీద చెయ్యి బొమ్మలో చెయ్యిలా నిలకడగా ఉంది. ఎడిటరమ్మాయి చప్పట్లు కొట్టింది.

వ్యాఖ్యాత ఎప్పటిలాగే దగ్గరికి వచ్చి, ఎవరికీ వినబడకుండా అడిగాడు: "ఏమంటారు?"

"మడత దగ్గర భయపడుతోంది," అన్నాడతను. ముఖం పాలిపోయి ఉంది. "మిగతా ఒళ్ళంతా ధైర్యమే."

వ్యాఖ్యాత ఆ మాట రాసుకున్నాడు. రాసుకుంటూ, "ఇనప చెయ్యి సంగతి మర్చిపోండి," అన్నాడు.

అతను తలూపాడు. నవ్వాడో లేదో దీపాల వెలుగులో సరిగ్గా తెలియలేదు. "కాస్త కూర్చుంటాను," అని కొయ్యముక్క తీసుకుని, నల్లగుడ్డ వెనకనున్న తన ఎత్తుపీట దగ్గరికి వెళ్ళాడు.

ఒంటిగంట దాటాక వ్యాఖ్యాత కెమెరా ముందుకొచ్చి అభిప్రాయం మొదలుపెట్టాడు. "మిత్రులారా, ఈ ఫోను ఒళ్ళంతా ధైర్యమే. కానీ మడత దగ్గర భయపడుతోంది..." ఆ ఒక్క మాట పది నిమిషాలు సాగింది. తయారీ సంస్థల తొందర, సాఫ్ట్‌వేరులో లోపాలు, అంతరిక్షం సినిమాల్లో ఎప్పుడో చూసిన మడత తెరలు, అన్నీ అందులో వచ్చి చేరాయి. ముగింపు దగ్గరికి వస్తుండగా గుడ్డ వెనక నుంచి వినిపించింది.

టప్.

"కట్!" అన్నాడు వ్యాఖ్యాత విసుగ్గా. "రికార్డింగు జరుగుతోంది కదా, చెయ్యి గారూ!"

ఎడిటరమ్మాయి గుడ్డ తొలగించింది. అతను గోడకు ఆనుకుని కూర్చున్నాడు. కుడిచెయ్యి మోకాలి మీద, అరచెయ్యి పైకి తెరుచుకుని ఉంది. కొయ్యముక్క పాదాల దగ్గర బల్లపరుపుగా, ఏ మూలా లేవకుండా పడి ఉంది. చెయ్యి వణకడం లేదు. ముందుగా ఆమె చూసింది అదే.

అంబులెన్సు ఇరవై నిమిషాలకు వచ్చింది. ఇద్దరు మనుషులు వచ్చి, ఛాతీ మీద నొక్కి, కళ్ళలోకి దీపం వేసి చూసి, ఒకరినొకరు చూసుకున్నారు. ఒకతను అట్టకు బిగించిన కాగితం తీశాడు.

"పేరేంటండీ?"

వ్యాఖ్యాత నోరు తెరిచాడు. "చెయ్యి..." అని ఆగిపోయాడు. జేబులోంచి తన ఫోను తీసి చూశాడు. అందులోనూ అంతే రాసి ఉంది. కెమెరామన్ వైపు తిరిగాడు. కెమెరామన్ తల దించుకున్నాడు. ఎడిటరమ్మాయి పెద్దాయన ఫోనులో "ఇల్లు" అని ఉన్న నంబరు నొక్కి చెవికి ఆనించుకుంది. అవతల మోగుతూనే ఉంది.

"సార్, పేరు? ఏడేళ్ళ నుంచి చేస్తున్నారన్నారు కదా?"

లోకంలో ఏ వస్తువు గురించైనా పది నిమిషాలు మాట్లాడగల మనిషి తన ఫోనును జేబులో పెట్టి, మళ్ళీ బయటికి తీశాడు.

అర మీద నీలిదీపం వెలిగింది.

"శూలపాణి గారూ," అంది చలాకీ గొంతు. "మాత్ర వేసుకునే వేళయింది."

అంతా అటు తిరిగారు. పొద్దున ఆ పెట్టెతో మాట్లాడింది పెద్దాయనొక్కడే. అంబులెన్సు మనిషి కలం కాగితం మీద కదిలింది. "పాణి అంటే..." అని కెమెరామన్ ఏదో అనబోయి, పూర్తి చేయలేక గోడ వైపు తిరిగిపోయాడు. పాణి అంటే ఏమిటో అక్కడ అందరికీ తెలుసు.

తెల్లదుప్పటి కప్పి తీసుకెళ్ళారు. వాళ్ళ వెనకే అందరూ మెట్లు దిగిపోయారు. దీపాలు ఆర్పాలని ఎవరికీ గుర్తులేదు. నల్లరాయి ఖాళీగా మెరుస్తోంది. "వేసుకున్నాను" అని చెప్పేవాళ్ళు లేక, చెదిరిన అక్షరాల చీటీ మీద కూర్చున్న ఆ బూడిదరంగు పెట్టె కాసేపు కాచుకుని, మళ్ళీ నీలిదీపం వెలిగించుకుని, అంతే చలాకీగా, అంతే మర్యాదగా పిలిచింది: "శూలపాణి గారూ."