మొదటి పేజీ మీద బొటనవేలు

లైబ్రరీ వాళ్లు రెండు వందల పుస్తకాలు తిప్పి పంపేసినప్పటి నుంచి కంగారమ్మకి ముద్ద దిగడం లేదు. ఆ పేరు ఆమెకి కన్నవాళ్లు పెట్టింది కాదు. బైండింగ్ షాపులో చేరిన మొదటి వారంలో జిగురు డబ్బా దభీమని కింద పడితే, భూకంపం వచ్చిందనుకుని చంటిపిల్లని చంకనేసుకుని వీధి మలుపు దాకా పరిగెత్తింది. అప్పటి నుంచి అందరికీ కంగారమ్మే.

ఈసారి కంగారుకి కారణం మాత్రం గట్టిదే. ప్రతి పుస్తకంలో మొదటి పేజీ కింది మూల, పసుపురంగు జిడ్డుతో ఓ బొటనవేలి ముద్ర. ఒకటీ అరా కాదు, రెండు వందల పుస్తకాల్లోనూ అదే చోట, అదే వేలు.

"ఇది ఎవరి వేలో తేలాలి!" యజమాని షాపు మధ్యలో నిలబడి కేకేశాడు. "తేలిన మరుక్షణం వాళ్లు బయటికి. నా సొంత తమ్ముడైనా సరే!"

ఆయనకి తమ్ముడు లేడు. షాపులో పనిచేసేది ముగ్గురు ఆడవాళ్లు. అచ్చు కాగితాలు మడతపెట్టే కంగారమ్మ, వాటిని దారంతో కుట్టే కుట్టక్క, అట్టలు అంటించే జిగురత్త.

కంగారమ్మ అనుమానం తన మీదే. రోజూ పొద్దున్నే పిల్లకి ఒళ్లంతా నూనె రాసి, ఆ చేతులతోనే పరుగున వస్తుంది. సబ్బుతో కడుక్కోదని కాదు. వెనకాల పిల్ల గుక్కపట్టి ఏడుస్తుంటే ఎవరు మాత్రం ఎంతసేపు కడుగుతారు? ఈ పని పోతే మరెక్కడ చేరాలి? పిల్లని అట్టల గుట్ట పక్కన బుట్టలో పడుకోబెట్టుకుని పని చేసుకోనిచ్చే చోటు ఇదొక్కటే. బట్టల కొట్లో అడిగితే, "పిల్లని ఇంట్లో వదిలేసి రా" అన్నారు. ఇంట్లో ఎవరున్నారు, తాళంకప్ప తప్ప?

మర్నాడు యజమాని భార్య అన్నగారు వస్తున్నాడని తెలిసింది. ముప్పై ఏళ్లు పోలీసు ఆఫీసులో వేలిముద్రలు పోల్చిన మనిషి. రిటైరైనా జేబులో భూతద్దం లేకుండా గడప దాటడు కనుక ఆయన్ని భూతద్దంగారనే అంటారు.

ఆ మాట వినగానే కంగారమ్మకి ఒక ఉపాయం తట్టింది. పొద్దున్నే గిన్నెలు తోమే పీచు తీసుకుని బొటనవేలిని అడుగంటిన గిన్నెలా తోమింది. గీతలే లేకపోతే ఏం పోలుస్తాడు? వేలు ఎర్రగా కందిపోయింది.

భూతద్దంగారు వచ్చీ రాగానే బల్ల మీద గాజుపలక పెట్టి, దాని మీద నల్ల ఇంకు పలచగా పులిమాడు.

"చూడండమ్మా, వేలి గీతల మీద చెమట, జిడ్డు ఎప్పుడూ ఉంటాయి. పట్టుకుంటే చాలు, కాగితం తాగేస్తుంది. మనం మర్చిపోయినా కాగితం మర్చిపోదు. ఒకరి గీతలు ఇంకొకరికి రావు. ఊఁ, ముందెవరు?"

కుట్టక్క వేలు అద్దింది. కాగితం మీద నల్లటి మచ్చ పడింది. గీత అన్నది లేదు.

"గట్టిగా అద్దమ్మా."

"ఇంతకంటే గట్టిగా అద్దితే బల్ల విరుగుతుందన్నయ్యా."

జిగురత్త అద్దింది. ఇంకో మచ్చ. భూతద్దంగారు కళ్లజోడు తుడుచుకున్నాడు. కంగారమ్మ వంతు వచ్చింది. ఆమె చెయ్యి చాపగానే ఆయన ఆ వేలు పట్టుకుని వెలుతురులోకి తిప్పాడు.

"ఇదేంటమ్మా, తోలు ఊడొచ్చేలా తోమావు?"

"దొరికింది!" యజమాని ఎగిరి గంతేశాడు. "గీతలు చెరిపేసుకుని వచ్చింది బావగారూ! తప్పు చేయనిదానికి తోమాల్సిన పనేంటి?"

కంగారమ్మకి ఏడుపు తన్నుకొచ్చింది. "భయమేసి తోమాను సార్. పిల్లకి నూనె రాస్తాను కదా, నాదేనేమో అని..."

"ఆగండాగండి," అంది కుట్టక్క ముందుకొచ్చి. "మేం తోమలేదే! మరి మా గీతలేవి?"

భూతద్దంగారు ముగ్గురి చేతులూ పక్కపక్కన పెట్టించి, ఒక్కొక్క వేలూ భూతద్దం కింద చూశాడు. చూసి చూసి నవ్వాడు.

"బావా, వీళ్ల గీతలు నీ షాపే తినేసింది. రోజంతా కాగితం మీద వేలితో రుద్దుతుంటే గీతలు అరిగిపోవూ? కాగితం నున్నగా ఉంటుందనుకుంటాం గానీ, అదో ఆకురాయి. ఈ అమ్మాయి అనవసరంగా కష్టపడింది. అక్కడ చెరపడానికి అసలేమీ లేదు."

"మరి ముద్ర ఎలా వచ్చింది?"

"అదే చూద్దాం. ముందు వీళ్లకి అసలు ముద్ర అంటే ఎలా ఉంటుందో చూపిద్దాం. నువ్వు వెయ్యి."

యజమాని గర్వంగా చొక్కా చెయ్యి పైకి మడిచి, బొటనవేలు అద్దాడు. అబ్బ, ఏం ముద్ర! గీతకి గీత విడివిడిగా, నడిమధ్యన గుండ్రటి చక్రం.

"చూశారా? ముద్ర అంటే ఇదీ!" అన్నాడు యజమాని.

భూతద్దంగారు ఆ ముద్ర ఉన్న కాగితం దగ్గరికి లాక్కున్నాడు. లైబ్రరీ పుస్తకం ఒకటి తెరిచి పక్కన పెట్టాడు. ఇటు చూశాడు, అటు చూశాడు. చక్రం పక్కన అడ్డంగా చిన్న గాటు. రెండింట్లోనూ.

"బావా, పుస్తకాలు పంపే ముందు ఎవరు చూస్తారు?"

"నేనే. వీళ్లేమైనా మరకలు చేశారేమోనని ఒక్కోటీ మొదటి పేజీ తెరిచి, మూల పట్టుకుని..." యజమాని తన బొటనవేలి వంక చూసుకున్నాడు.

"అప్పుడు ఏం తింటుంటాడో కూడా అడగండి," అంది జిగురత్త. "నూనెలో వేయించిన పల్లీల పొట్లం ఒళ్లో లేకుండా ఈయన పుస్తకం చూడగా నేనెరగను."

కంగారమ్మకి మాత్రం భయం ఇంకా వదల్లేదు. తేలినవాళ్లు బయటికి అన్నారు కదా మరి! ముక్కు తుడుచుకుని, ఎంతో మర్యాదగా అడిగింది.

"సార్, అయితే రేపట్నుంచి మీరు రారా?"

కుట్టక్క బల్ల కింద దూరి నవ్వింది. భూతద్దంగారు దగ్గుతో సర్దుకున్నాడు. యజమాని ముఖం ఇంకు పలక రంగుకి తిరిగింది. రెండు వందల పుస్తకాలకీ మొదటి పేజీ తీసేసి కొత్తది అంటించాలి, అదీ శుక్రవారం లోపల. ఆ పని ఎవరి చేతుల మీదుగా జరగాలో ఆయనకీ తెలుసు.

"పన్లోకి పదండి," అన్నాడు నీరసంగా. తర్వాత కంగారమ్మ ముఖం చూడకుండా, "నువ్వు కూడా," అన్నాడు.

ఆ మధ్యాహ్నం కంగారమ్మ పాత పేజీలు తీసి, కొత్తవి మడతపెట్టి జిగురత్తకి అందిస్తోంది. పిల్ల లేచి రాగం తీసింది. కంగారమ్మ లేవబోతే కుట్టక్క పట్టి కూర్చోబెట్టి, పిల్లని తీసుకెళ్లి యజమాని చేతుల్లో పెట్టింది.

"మీరే ఎత్తుకోండి సార్. కాగితం ముట్టకూడని చేతులు షాపు మొత్తంలో మీవే."

పిల్లని భుజాన వేసుకుని ఆయన గుమ్మం దగ్గర అటూ ఇటూ తిరిగాడు. కాసేపటికి ఉండబట్టలేక, ఎన్నయ్యాయో చూద్దామని లోపలికి ఒక అడుగు వేశాడు.

"అక్కడే సార్!" అంది కంగారమ్మ. తన గొంతు అంత గట్టిగా వస్తుందని ఆమెకే తెలీదు. "అక్కణ్నుంచే చూడండి. పేజీలు నేను తిప్పి చూపిస్తాను."