ఫరా చెప్పిన టీ

గురజాలలో పంచాయితీ ఏదైనా టీతోనే ముగుస్తుంది. ఆటో ఆటోను గుద్దినా, పొలం గట్టు పక్కకు జరిగినా, పెద్దమనుషులు తేల్చిన తర్వాత తప్పు చేసినవారే అందరికీ టీ చెప్పాలి. నోటితో క్షమాపణ అడగనవసరం లేదు. "టీ చెప్పు" అన్న మాటే తీర్పు. ఆ టీ తాగాక ఆ సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తకూడదు. ఈ అలవాటును నేనెన్నడూ మెచ్చుకోలేదు. చేసిన తప్పును పేరు పెట్టి చెప్పకుండా తప్పించుకునేందుకు పెద్దలు వేసుకున్న దారి అని నా అభిప్రాయం.

ఆ ఆదివారం ఉదయం ప్రైవేటు స్కూలు ఆఫీసు గదిలో నన్ను కూర్చోబెట్టింది కూడా ఆ అలవాటు కొద్దీనే. స్కూలు కరస్పాండెంటు, నాపరాళ్ళు తోలే లారీల యజమాని జయకృష్ణ, ఇద్దరూ ఒకప్పుడు నా విద్యార్థులు. రిటైరైన టీచరమ్మ పక్కనుంటే తీర్పుకు మర్యాద వస్తుందని వారి లెక్క.

విచారణకు వచ్చింది పదో తరగతి చదువుతున్న ఫరా సంగతి. ఆటో మెకానిక్ మౌలాలీ కూతురు. ఆటిజం ఉన్న పిల్ల. శబ్దం ఆమెకు చెవిలో కాక ఒళ్ళంతా తగులుతుందని తల్లి షహనాజ్ బడిలో చేర్చిన రోజే టీచర్లకు చెప్పింది. క్వారీలో రాయి కోసే మిషన్ల దగ్గర పనివాళ్ళు పెట్టుకునే నారింజ రంగు చెవికప్పులను మౌలాలీ సంపాదించి ఇచ్చాడు. అవి పెట్టుకునే ఆ పిల్ల చదువులో తరగతిలో ముందుండేది.

"ఏమే క్వారీ! ఇయ్యాల ఎన్ని రాళ్ళు కోశావే?" అనేవాళ్ళు మగపిల్లలు. ఆడపిల్లలు నవ్వేవాళ్ళు. చెవికప్పులను గోడ అవతలకు విసిరితే ఆమె వెళ్ళి వెతికి, దుమ్ము తుడుచుకుని వచ్చి కూర్చునేది. ఎవరి మీదా ఫిర్యాదు చేయలేదు. అడిగితే చెప్పేదే. ఎవరూ అడగలేదు.

ఒకనాడు మధ్యాహ్నం భోజనాల వేళ జయకృష్ణ కొడుకు సుమంత్ తండ్రి లారీ హారన్‌ను ఫోనులో రికార్డు చేసి, ఒక స్పీకరు వెంట తెచ్చాడు. ఇద్దరు ఫరా చేతులు పట్టుకున్నారు. ఒకడు చెవికప్పులు లాగాడు. చెవికి ఆనించి ఆ హారన్‌ను పూర్తి శబ్దంతో మోగించారు. మరొకడు వీడియో తీశాడు. ఫరా విదిలించుకుని సుమంత్‌ను తోసింది. వాడు మెట్ల మీద పడితే ముందుపన్ను విరిగింది.

ఆ రోజు నుంచి ఆ పిల్ల బడికి రాలేదు. రోడ్డు మీద లారీ వెళితే మంచం కిందకు దూరేది. చానాళ్ళు మాట కూడా రాలేదని షహనాజ్ నాతో చెప్పి ఏడ్చింది. అయినా రోజూ యూనిఫాం వేసుకుని, టైంటేబుల్ ప్రకారం లెక్కల వేళకు లెక్కల పుస్తకం, తెలుగు వేళకు తెలుగు పుస్తకం తెరిచి ఒంటరిగా ఇంట్లో కూర్చునేదట. మంచం కింద ఉన్నప్పుడు కూడా పుస్తకం చేతిలోనే ఉండేదట. ఆ మాట విన్నప్పుడే ఈ పిల్ల కోసం నిలబడాలని నిర్ణయించుకున్నాను.

బల్లకు ఒకవైపు జయకృష్ణ, సుమంత్, ఎదురుగా మౌలాలీ, షహనాజ్, ఫరా కూర్చున్నారు; సరిత టీచర్ బీరువా పక్కన నిలబడింది. బల్ల మీద ఫరా టీసీ సిద్ధంగా ఉంది.

"పిల్లలన్నాక ఆడుకుంటార్రా మౌలాలీ," అన్నాడు జయకృష్ణ. "నీ పిల్లకు అది అర్థంగాలా. మావోడి పన్ను ఇరగ్గొట్టింది. అయినా నేనేమన్నా అడుగుతుండానా?"

"కేసులు గీసులు వద్దయ్యా," అన్నాడు కరస్పాండెంటు. "టీసీ మీరే అడిగినట్టు సంతకం పెట్టు. కాండక్టు గుడ్ అని రాసిస్తా. పరీక్ష ప్రైవేటుగా కట్టించుకో."

"పరీక్షలు దగ్గరకొచ్చినయ్ సార్. మా పిల్ల ఈ బళ్ళోనే రాస్తానంటంది. చానా బాగా చదువుద్ది..."

"ఇంకేందిరా? టీ చెప్పు, అయిపోద్ది."

"తీర్పు ఎవరు చెప్పారు? నేనింకా నోరు తెరవలేదు," అన్నాను. "ఆ వీడియో చూపించండి."

"డిలీట్ చేయించాం మేడం," అన్నాడు కరస్పాండెంటు.

"అంటే చూశారన్నమాట."

అతను పేపర్‌వెయిట్ పక్కకు జరిపాడు. మౌలాలీ మాత్రం టీ చెప్పడానికి అప్పటికే లేచాడు. ఊళ్ళో నలుగురి బండ్లు బాగుచేసి బతికేవాడికి నలుగురితో విరోధం ఎంత బరువో నాకు తెలుసు. తలుపు దాకా వెళ్ళాడు.

"అబ్బా, కూర్చో."

ఆ గదిలోకి వచ్చినప్పటి నుంచి ఫరా పలికిన మొదటి మాట అది, తండ్రితో. చూపు బల్ల అంచు మీదే ఉంది. గొంతులో కోపం లేదు, వణుకు లేదు.

"టీ తప్పు చేసినోళ్ళు చెప్పాలి. మన షెడ్డు కాడ ఆటోవాళ్ళు అట్టనే చెప్తారు. నువ్వే నాకు చెప్పావు."

"ఊరుకో బేటా."

"నేను సుమంత్‌ను తోశాను. పన్ను ఇరిగింది. అది తప్పు. ఆ టీ నేను చెప్తా."

చెవికప్పులు సరిచేసుకుని బయటకు నడిచింది. టీ కొట్టు రోడ్డుకు అవతల ఉంది. మాచర్ల వైపు వెళ్ళే లారీలన్నీ ఆ రోడ్డు మీదనే వెళతాయి. షహనాజ్ వెంట వెళ్ళబోతే ఆపాను. కిటికీలోంచి చూస్తూ ఉన్నాం. ఒక లారీ వచ్చింది. ఫరా రోడ్డు పక్కన కళ్ళు గట్టిగా మూసుకుని, పిడికిళ్ళు బిగించి నిలబడింది. దూరడానికి మంచం అక్కడ లేదు. లారీ వెళ్ళిపోయాక కళ్ళు తెరిచి, అటూ ఇటూ చూసి, దాటింది. నా జీవితంలో బహుమతులు అందుకున్న పిల్లలను ఎందరినో చూశాను. ఆ రోడ్డు దాటినంత ధైర్యం ఎవరిలోనూ చూడలేదు.

తిరిగి వచ్చి గాజు గ్లాసును సుమంత్ ముందు పెట్టింది.

"ఇది తోసినందుకు. తోసింది నిన్నొక్కడినే, అందుకని ఒకటే తెచ్చాను."

జయకృష్ణ పెద్దగా నవ్వాడు. "ఇంకేం, అయిపోయిందిగా! పిల్లే ఒప్పుకుంది."

"కాలా," అంది ఫరా కూర్చుంటూ. "మిగతా టీలు రావాలి."

"ఏ టీలే?"

"నా చేతులు పట్టుకున్నందుకు. చెవికప్పులు లాగినందుకు. స్పీకరు పెట్టినందుకు. ఫోన్లో తీసినందుకు. సరిత టీచర్ కిటికీలోంచి చూసి లోపలికి పోయినందుకు. సార్ టీసీ రాసినందుకు." మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుంది. "నేను ఇక్కడే కూర్చుంటా."

నిందించినట్టు లేదు, టైంటేబుల్ చదివినట్టు ఉంది. తప్పుకు పేరు పెట్టకుండా దాటవేయడానికి ఊరంతా వాడుకునే అలవాటును ఆ పిల్ల యథాతథంగా నమ్మింది. నమ్మి, ప్రతి తప్పుకూ ఒక పేరు పెట్టింది. నేను చదువుకునే రోజుల్లో మాకు తర్కం నేర్పిన కాన్వెంటు సిస్టర్లు ఆ గదిలో ఉంటే లేచి నిలబడి ఉండేవారు.

సుమంత్ ముందున్న టీ మీద మీగడ కట్టింది.

బీరువా పక్కన నిలబడ్డ సరిత టీచర్ హఠాత్తుగా బయటకు వెళ్ళింది. తిరిగి వచ్చేసరికి చేతిలో గ్లాసు ఉంది. రెండు చేతులతో ఫరాకు అందించింది.

"చూశానమ్మా. రావాల్సింది. రాలేదు."

"అవును," అని ఫరా అందుకుని ఒక గుక్క తాగింది. "చక్కెర ఎక్కువైంది టీచర్."

సరిత ఏడుస్తూనే నవ్వింది. అప్పుడు సుమంత్ లేచాడు.

"స్పీకరు నాదే నాన్నా. చేతులు పట్టుకోమన్నది గూడా నేనే."

"ఒరేయ్, నోర్మూసుకుని కూర్చో!"

వాడు కూర్చోలేదు. తండ్రి ముఖం చూడకుండా రోడ్డు దాటి వెళ్ళి, రెండు గ్లాసులు తెచ్చి ఫరా ముందు పెట్టి, తలవంచుకుని నిలబడ్డాడు. తర్వాతే తన టీ తాగాడు. జయకృష్ణ ముఖం కిటికీ వైపు తిప్పుకున్నాడు.

"ఇప్పుడు తీర్పు నేను చెబుతాను," అన్నాను. "ఈ పిల్ల రేపు బడికి వస్తుంది. ఏం చేశారో చేసినవాళ్ళే ప్రేయర్‌లో అందరి ముందూ చెబుతారు. పట్టుకున్నవాళ్ళు, లాగినవాడు, వీడియో తీసినవాడు, ఒక్కరూ తప్పించుకోకూడదు. భోజనాల వేళ ఒక టీచరు అక్కడుంటారు. వికలాంగుల హక్కులకు చట్టం ఉంది. అది చదివే వచ్చాను. కాదంటే కలెక్టరు ఆఫీసులో మాట్లాడుకుందాం."

కరస్పాండెంటు టీసీ చించేశాడు. టీ మాత్రం చెప్పలేదు. "స్టాఫ్ ముందు బాగుండదు మేడం," అని నా చెవిలో గొణిగాడు.

సోమవారం ఫరా బడికి వెళ్ళింది. అంతా నయమైందని రాస్తే అబద్ధమవుతుంది. వెనుక ఎవరైనా నడిస్తే ఆ పిల్ల భుజాలు ఇప్పటికీ బిగుసుకుంటాయి. భోజనం ల్యాబులో ఒంటరిగా తింటుంది. ప్రేయర్‌లో చెప్పిన క్షమాపణలకు ఆ బిగువు సడలలేదు.

కానీ ప్రతి ఉదయం గేటు దగ్గర కరస్పాండెంటు కనిపిస్తే ఆగుతుంది. ఒక చెవికప్పు కొంచెం జరిపి, మర్యాదగా, "సార్, మీ టీ ఇంకా రాలేదు," అంటుంది. చెవికప్పు మళ్ళీ సర్దుకుని తరగతికి వెళ్ళిపోతుంది. ఆ మాటలో వెక్కిరింత లేదు. రావలసినది రాలేదు, అంతే.

ఈ మధ్య ఆయన వెనుక గేటు నుంచి వస్తున్నాడని సరిత చెప్పింది. మర్నాటి నుంచి ఫరా కూడా వెనుక గేటు నుంచే వెళుతోందట.